ఆదోని ఖాళీ అవుతోందా, పెరుగుతోందా? ముందు సుగ్గి వలసల లెక్క తీయండి

ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇదీ. పుట్టింది ఆదోనిలో. పదేళ్లుగా బెంగళూరులో బట్టల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో సూపర్‌వైజర్. సొంతూళ్లో పది పన్నెండు మిషన్లతో కుట్టు యూనిట్ పెట్టాలని ఉంది, కానీ జనాభానే పెరగని ఊరికి వచ్చి ఏం చేస్తావని ఇంట్లోవాళ్లే వెనక్కి లాగుతున్నారట. దాని మీద పెద్ద గొడవే నడిచింది. ఆదోని పని అయిపోయింది, 2011 లెక్కల్లోనే తేలిపోయిందని ఒకాయన అంటే, ఏం అయిపోయింది, స్థలాల ధరలు చూడండి, కొత్త బట్టల షాపులు చూడండి, మెడికల్ కాలేజీ మంజూరైంది చూడండి అని ఇంకొకాయన. జిల్లా చేస్తే అన్నీ వాటంతటవే వస్తాయని మూడో ఆయన.

నేను 30 ఏళ్ల పైన ఈ చుట్టుపక్కల సర్కారు బళ్లలో లెక్కల టీచరుగా చేశాను. 2001లో కోసిగి వైపు ఒక పల్లెలో, 2011లో ఆదోని టౌన్‌లో ఒక వార్డులో జనగణన చేసింది నేనే, అంటే ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను. మా నాన్న ఆదోనిలోనే స్పిన్నింగ్ మిల్లు, అంటే నూలు వడికే మిల్లు కార్మికుడు. మా బావమరిది ఇప్పటికీ జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో మేనేజరు. అందుకని ఈ విషయంలో నాకు తెలిసింది కాస్త వివరంగానే చెప్తాను, పెద్దదైతే ఓపిక పట్టండి.

ముందు ఆ అంకెల సంగతి. 2001లో ఆదోని జనాభా 1 లక్షా 60 వేల దరిదాపు, 2011లో 1 లక్షా 66 వేలు. ఉమ్మడి రాష్ట్రం మొత్తం 11 శాతం పెరిగిన దశాబ్దంలో మన ఊరు పెద్దగా కదల్లేదన్నది నిజమే. కానీ అది మునిసిపాలిటీ గీత లోపలి లెక్క. గీత బయట మండిగిరి లాంటివన్నీ కలిపిన పట్టణ ప్రాంతం 2011లోనే 1 లక్షా 84 వేలు. ప్రొద్దుటూరు కూడా అంతే, మునిసిపాలిటీ వరకు చూస్తే రెండు జనగణనల్లో దాదాపు ఒకటే అంకె, చుట్టూ కలుపుకుంటే 2 లక్షలు దాటుతుంది. ఇక కడప చూడండి, 2001లో 1 లక్షా 25 వేలు, 2011లో 3 లక్షల 44 వేలు! పదేళ్లలో కడపలో ఏ ఫ్యాక్టరీలు వచ్చాయని జనం అంత ఎగబడ్డారు? ఎవరూ ఎగబడలేదు. మధ్యలో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయ్యింది, చుట్టుపక్కల పంచాయతీలు అందులో కలిశాయి, ఉన్నచోటే ఉన్న మనుషులు టౌన్ లెక్కలోకి వచ్చారు. ఇది తెలియకుండా కడప మూడింతలైంది, ఆదోని ఆగిపోయింది అని పోల్చి తీర్పు చెప్పేస్తే నాకు బాధేస్తుంది.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. జనగణన జరిగేది ఎప్పుడు? 2001లోనూ, 2011లోనూ ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. మన పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో ఫిబ్రవరి అంటే ఏంటి? నడి సుగ్గి. బయటివాళ్ల కోసం చెప్తున్నా, సుగ్గి అంటే పంట కోతలకు కుటుంబంతో సహా వలసపోవడం. ఖరీఫ్ పంట ఇంటికొచ్చీ రాకముందే, లేదా ఎండిపోయాక, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఐచర్లలో, బొలెరోల్లో గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగళూరులో బిల్డింగ్ పనికి పోతారు. మళ్లీ ఉగాదికి వస్తారు, కొంతమంది అప్పటికీ రారు.

జనగణన నియమం ఏంటంటే, ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారైనా ఇంట్లో ఉన్నవాళ్లనే ఆ ఇంట్లో రాయాలి. ఇరవై రోజులూ లేకపోతే ఇక్కడ రాయకూడదు, వాళ్లు ఎక్కడ దొరికితే అక్కడ రాసుకుంటారు. మిరప చేను గట్టున పట్టా కప్పిన గుడిసెలో ఉన్నవాళ్లను అక్కడి ఎన్యూమరేటర్ వెతుక్కుంటూ పోయి రాశాడో లేదో నేను చెప్పలేను కానీ, ఇక్కడ నేను రాయలేదన్నది మాత్రం ఖాయం. 2001లో ఆ పల్లెలో ఒక వీధిలో వరసగా ఏడు ఇళ్లకు తాళాలు. ఎనిమిదో ఇంటి అరుగు మీద ఒక అవ్వ, నలుగురు పిల్లలు. పిల్లలు నలుగురూ ఆమె మనవళ్లు కారు, ఆ ఏడు ఇళ్లలోవాళ్లలో ఇద్దరి పిల్లల్ని ఈమె దగ్గర వదిలి పోయారు. "మీ ఇంట్లో ఎంతమంది అవ్వా" అని అడిగితే, "యా లెక్క సారూ, ఉగాది లెక్కనా, ఇప్పటి లెక్కనా?" అంది. నాకు ఆ రోజు నోట మాట రాలేదు. నా ఫారంలో ఉగాది లెక్కకు గడి లేదు.

2021 జనగణన జరగలేదు. రాబోయేదానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, అంటే మళ్లీ ఫిబ్రవరిలోనే మనుషుల్ని లెక్కపెట్టేది. ఆ అంకె వచ్చాక కూడా ఇదే గొడవ పడతాం, అందుకే ఇప్పుడే చెప్తున్నా.

టౌన్ సంగతికి వస్తే అది వేరే కథ. 2011లో నాకిచ్చిన వార్డు పాత మిల్లు కార్మికులుండే వీధులు. అందులో ఒక ఇల్లు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, నాన్నతో పాటు ఒకే షిఫ్టులో పనిచేసిన చిన్నాన్న వరసాయనది. ఆయన, చిన్నమ్మ, ముగ్గురు కొడుకులు, ఐదుగురు. నేను తలుపు తట్టేసరికి ఎవరో కొత్తమ్మాయి తీసింది. చిన్నాన్న, చిన్నమ్మ ఇద్దరూ పోయారు, కొడుకులు ఒకరు బెంగళూరు, ఒకరు బళ్లారి దగ్గర స్టీల్ ప్లాంటు, ఒకరు హైదరాబాదు. ఇల్లు బాడుగకిచ్చారు. బాడుగకున్నది పెద్దకడబూరు వైపు పల్లెవాళ్లు, మొగుడు ఆటో తోల్తాడు, పెళ్లాం ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుంది, పిల్లల ఇంగ్లీషు మీడియం చదువు కోసం టౌన్‌కొచ్చారు, అత్త వాళ్లతోనే. ఎంతమంది? ఐదుగురు. ఫారంలో ఐదు పోయి ఐదు వచ్చింది, అంకె కదల్లేదు. కానీ నెల జీతం, పీఎఫ్ ఉన్న ఒక కుటుంబం పోయి, రోజు సంపాదన మీద బతికే కుటుంబం వచ్చింది. జనాభా ఆగిపోయిందని బాధపడేవాళ్లకూ, ఊరు బాగానే ఉందనేవాళ్లకూ ఇది కనబడదు. నా వార్డులో ఇలాంటి ఇళ్లు నేను ఒకటి రెండు కాదు, చాలా రాశాను.

ఇంతకీ ఆ జీతాలు ఏమయ్యాయి? ఆదోని 1865లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. బొంబాయి, మద్రాసు రైలు మార్గం మీద ఉంది, చుట్టూ నల్లరేగడి, పత్తి. 1953 దాకా మనం బళ్లారి జిల్లాలో ఉండేవాళ్లం, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. రెండో బొంబాయి అని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు, పత్తి బేరగాళ్లు, నూనె మిల్లులు, జిన్నింగులు, వాటి మీద స్పిన్నింగ్ మిల్లులు అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. స్పిన్నింగ్ మిల్లు ఎందుకు గొప్పదంటే అది ఏడాది పొడవునా మూడు షిఫ్టులు తిరుగుతుంది. మా నాన్న మొదట బదిలీ వర్కరు, అంటే ఎవరైనా రాకపోతే వాళ్ల స్థానంలో పని, పొద్దున గేటు దగ్గర నిలబడితే పిలిస్తే పిలిచినట్టు. తర్వాత పర్మినెంట్ అయ్యాడు. పర్మినెంట్ అయిన నెలలోనే మా అక్క పెళ్లి సంబంధం కుదిరింది, అడక్కముందే వాళ్లు ఒప్పుకున్నారు. మిల్లు సైరన్ విని మా అమ్మ పొయ్యి వెలిగించేది. ఆ మిల్లు పేరు నేనిక్కడ రాయను. మూతపడింది, నాన్నకు రావలసిన గ్రాట్యుటీ కోసం ఏళ్ల తరబడి తిరిగాం, కొంత వచ్చింది, కొంత రాలేదు.

స్పిన్నింగులు పోయినా జిన్నింగులు నిలబడ్డాయి. పత్తి యార్డు ఇప్పటికీ రాష్ట్రంలో పెద్దది, సీజన్‌లో పొద్దున్నే యార్డుకు పోతే లాట్ల మధ్య నడవడానికి దారుండదు. 2022లో క్వింటాలు 10 వేలు దాటినప్పుడు ఊరంతా పెళ్లిళ్ల కళ వచ్చింది. అయితే జిన్నింగ్ పని ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి దాకానే. పైగా 2000లో కేంద్రం కాటన్ టెక్నాలజీ మిషన్ పెట్టాక మిల్లులు ఆధునికంగా మారుతూ వచ్చాయి. నా చిన్నప్పుడు ఒక్కో జిన్ను ముందు ఒక ఆడమనిషి కూర్చుని చేత్తో పత్తి అందించేది, ముక్కుకు గుడ్డ, కనురెప్పల మీద దూది. పోయిన సీజన్‌లో బావమరిది మిల్లుకు పోయాను. పత్తిని గొట్టం పీల్చుకుంటుంది, బెల్టు మీద పోతుంది, రోలర్ల కింద గింజ రాలుతుంది, దూది ప్రెస్సులో పడి కట్టు కట్టుకుని బేలై బయటికొస్తుంది. షెడ్డు అంతా కలిపి నేను లెక్కపెట్టిన మనుషులు పద్నాలుగు. బేలు బాగా వస్తోంది, చెత్త తక్కువ, అందుకే ధర పలుకుతోంది, అది మంచిదే. కానీ ఒకప్పటి మనుషుల్లో నాలుగో వంతు కూడా అక్కడ లేరు.

అందుకే "మిల్లులు నడుస్తున్నాయి కదా, మరి పని ఎందుకు లేదు" అన్న ప్రశ్నకు జవాబు ఈ చిన్న లెక్కలో ఉంది. క్వింటాలు పత్తి ఆడిస్తే దూది 34 కిలోల దరిదాపు వస్తుంది, మిగతాది గింజ. ఐదు క్వింటాళ్లకు 170 కిలోల బేలు ఒకటి. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110, అంటే ఐదు క్వింటాళ్లకు 40 వేల పైచిలుకు విలువైన సరుకు. ఆ బేలు చేయడానికి మన ఊళ్లో పట్టే మనిషి పని ఎంత? కొద్ది నిమిషాలు. అక్కడితో లారీ ఎక్కి కోయంబత్తూరు వైపో ఇంకెక్కడికో పోతుంది. కిలో దూదికి ఒక జీన్స్ ప్యాంటు చొప్పున వేసుకోండి, బేలుకు 170 ప్యాంట్లు. ఒక మనిషి చేతి మీద రోజుకు పది ప్యాంట్ల పని తేలుతుందనుకున్నా 17 రోజుల కూలీ. వడికేవాడి కూలీ, నేసేవాడి కూలీ, రంగు వేసేవాడి కూలీ నేనింకా కలపలేదు. మన దగ్గర నిమిషాలు ఉంచుకుని రోజులు బయటికి పంపుతున్నాం. మనం ఒకప్పుడు ఏ బళ్లారి జిల్లాలో ఉన్నామో, ఆ బళ్లారి ఇవాళ జీన్స్‌కు పేరుమోసిన ఊరు. పెద్ద ఫ్యాక్టరీలతో కాదు, చిన్న చిన్న యూనిట్లు, ఇళ్లలో మిషన్లు. ఆదోనికి 70 కిలోమీటర్లు కూడా ఉండదు. వాళ్లు చేసింది మనం ఎందుకు చేయలేకపోయామని నాకు ఎప్పుడూ గుండెల్లో ఒక కలుక్కు.

ఇక ఓర్వకల్లు పారిశ్రామికవాడ వస్తుంది, మన కష్టాలు తీరతాయి అనేవాళ్లకు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక నోడ్లకు ఒప్పుకుంది, ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, 45 వేల ఉద్యోగాలు అని అంచనా, కొప్పర్తికి 54,500. రావాలి, తప్పకుండా రావాలి. కానీ ఆదోని నుంచి కర్నూలే నూరు కిలోమీటర్ల దరిదాపు, ఓర్వకల్లు దాని అవతల. పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని కాదు. అక్కడ పని దొరికిన మన పిల్లవాడు కర్నూలులో ఇల్లు తీసుకుంటాడు, అంటే అది కర్నూలు జనాభాలో పెరుగుదల, మనకు ఇంకో తాళం. పైగా అంచనా వేరు, ఉద్యోగం వేరు. కడప జిల్లాలో స్టీల్ ప్లాంటు పేరు మీద 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి కొబ్బరికాయలు కొట్టారు. జమ్మలమడుగు పిల్లలు మొదటి శంకుస్థాపన నాడు పదో తరగతిలో ఉంటే ఇప్పుడు వాళ్ల పిల్లలు బడికి పోతున్నారు.

నిజంగా వచ్చింది చూడాలంటే పెనుకొండ కియా. 2017లో ఒప్పందం, 2019లో కార్లు బయటికొచ్చాయి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. అనంతపురం వైపు కరువు నేల మీద అది ఎలా నిలబడింది? బెంగళూరు దగ్గర, నిజమే, కానీ హంద్రీ-నీవా కింద గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు ముందే చూపించారు కాబట్టి. మనకు నీళ్లు తుంగభద్ర దిగువ కాలువ నుంచి. కాగితం మీద దిగువ కాలువకు మన రాష్ట్రం వాటా 24 టీఎంసీలు. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లర. పైన కోత పడితే కింద మన చివరి భూములకు ఏం మిగులుతుంది? బసాపురం ట్యాంకు అడుగంటితే టౌన్‌లో బిందెల టెన్షన్ మొదలవుతుంది. తాగడానికే రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊరికి, బట్టకు రంగు వేసే పెద్ద కంపెనీ ఏ ధైర్యంతో వస్తుంది? కాబట్టి నన్నడిగితే పోరాడవలసింది ముందు కాలువ నీళ్ల కోసం.

జిల్లా గురించి ఒక్కమాట. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు నంద్యాల వేరైంది, మనకు రాలేదు. ఒక సర్టిఫికెట్ కోసం, ఒక కలెక్టరు గారి సంతకం కోసం కౌతాళం అవతలి పల్లెవాడు కర్నూలు దాకా పోవడం అన్యాయమే, జిల్లా కావాలి, నేనూ సంతకం పెట్టాను. అయితే జిల్లా వస్తే ఆఫీసులొస్తాయి, బాడుగలు పెరుగుతాయి, జెరాక్సు షాపులొస్తాయి. సుగ్గికి పోయే ఇంటి తాళం మాత్రం దాంతో తెరుచుకోదు.

ఇప్పుడు నీ సంగతి తమ్ముడూ. రా. జనాభా అంకె చూసి ఆగొద్దు. నువ్వు పెట్టేది దుకాణం కాదు కదా, ఊళ్లో ఎంతమంది కొంటారో చూసుకోవడానికి. నీకు కావలసింది కుట్టేవాళ్లు, వాళ్లున్నారు. నేను చెప్పిన ఆ వార్డులోనే ఇంటింటా మిషను ఉంది, జాకెట్లు, ఫాల్స్ కుట్టి బతుకుతున్నారు. ఇండస్ట్రియల్ మిషన్ మీద చేయి తిరగడానికి రెండు నెలలు పడుతుందేమో, అది నాకన్నా నీకే తెలుసు. బళ్లారి నుంచి గానీ నీ పాత కంపెనీ నుంచి గానీ జాబ్ వర్కు, అంటే వాళ్ల సరుకు కూలీకి కుట్టిచ్చే పని, రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే మిషన్లు కొను, ఒక్క మాట నమ్మి అప్పు చేయకు. రంగు వేయడం, వాషింగ్ జోలికి పోకు, నీళ్లు లేవు, ఉన్న నీళ్లు పాడుచేయడం మనకు తగదు. కట్టింగు, కుట్టు, ఫినిషింగు వరకే.

షెడ్డు ఎక్కడ తీసుకుంటావో కూడా ఆలోచించు. టౌన్ నడిమధ్యలో కన్నా కోసిగి రోడ్డు వైపో, ఎమ్మిగనూరు రోడ్డు వైపో ఆటోకు అందే చోట తీసుకుంటే పల్లెల నుంచి ఆడవాళ్లు వస్తారు. సాయంత్రం ఆరు లోపల ఇంటికి చేరేలా షిఫ్టు పెట్టు, లేకపోతే నెల తిరక్కుండానే మానేస్తారు. జీతం వారం వారం ఇవ్వు. నెల జీతమంటే బెంగళూరులో బాగుంటుంది, ఇక్కడ శనివారం సంతకు డబ్బులు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మనుషుల్ని తీసుకునే నెల. చాలామంది సంక్రాంతికి ముహూర్తం పెట్టుకుంటారు, అప్పటికి పల్లెలు ఖాళీ. మేస్త్రీలు దసరా నుంచే తిరుగుతారు, దీపావళి అయ్యేసరికి ఇంటింటికీ అడ్వాన్సు అందిపోతుంది, అడ్వాన్సు ముట్టిన ఇంటివాళ్లను నువ్వు ఎంత జీతమిస్తానన్నా ఆపలేవు, మాట తప్పరు. వినాయక చవితి లోపల మిషన్లు బిగించి, పల్లెల్లో చెప్పించి, మొదటి వారం జీతం చేతిలో పెట్టు. ఏ పల్లెలకు పోవాలో, ఎవరితో మాట్లాడాలో నేను వెంట వచ్చి చూపిస్తాను, నా దగ్గర చదివిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.